సిమెంటు గది

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం, భోజనం చేసి కాస్త నడుం వాలుద్దామనుకుంటున్న వేళ, ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నలభై దాటిన మనిషి. చేతిలో నీళ్ళోడుతున్న గొడుగు, చంకలో ఆసుపత్రి కాగితాల సంచి. బడిలో నా దగ్గర చదువుకున్న పిల్లేమో అనుకున్నాను. రిటైరైన టీచరు గడప తొక్కేవాళ్ళలో సగం మంది వాళ్ళే, మిగతా సగం చందాలవాళ్ళు. కాదట. తన పేరు కుమారి అని చెప్పింది. "మా అమ్మ సన్యాసమ్మండీ. ముందు మీకు వదినయ్యేదట కదా" అంది. ఆ 'ముందు' అన్న మాట దగ్గర గొంతు తగ్గించింది. మా సన్యాసమ్మ వదిన పోయి ఏడాది కావస్తోందని ఆ పూటే తెలిసింది.

కుమారి వచ్చిన పని వేరు. విజయనగరంలో అద్దెకుంటున్నారు. ఆమె కొడుకు బుజ్జికి వానలు మొదలైతే చాలు, దగ్గు, పిల్లికూతలు, ఆయాసం. డాక్టరుగారు మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా అని అడిగారట. "మా అమ్మకి ఊపిరితిత్తుల జబ్బుండేదండి. అందుకే తనని ముందింటోళ్ళు ఒగ్గేసినారని తనే సెప్పేది. ఆ జబ్బు పేరేటో మీకు తెలుస్తాదేమోనని వచ్చాను. అది మా రగతంలోనే ఉంటే ఈ పిల్లాడి గతేటి మరి" అంది. నేను జవాబు చెప్పకుండా ఆమె ఇల్లు ఎలా ఉంటుందో అడిగాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. మేడ మీద వాటా, నెత్తిన కారే నీళ్ళ ట్యాంకు, పిల్లాడి మంచం వెనక గోడ ఏటేటా నల్లబడుతుంది, అద్దెకిచ్చిన ఇంటాయన ఏటేటా రంగు వేయిస్తాడు. చెమ్మ వస్తుందని కిటికీ తెరవరు. బట్టలు లోపలే ఆరేస్తారు. వింటూంటే నా ముక్కుకి ఒక వాసన తగిలింది. తడిసిన గోనెసంచిని మూట కట్టి మూలన పడేస్తే వచ్చే ముక్కిన వాసన. ఇన్నేళ్ళయినా దాన్ని మర్చిపోలేదు. "మీ అమ్మకి ఏ జబ్బూ లేదు, తల్లీ. మా ఇంట్లో ఒక గదికి ఉండేది" అన్నాను. తర్వాత చాలాసేపు నేనే మాట్లాడాను. ఆమెతో చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం కుదురుగా రాస్తున్నాను.

మాది గరివిడికి దగ్గర్లో ఒక పల్లె. మట్టిగోడల పెంకుటిల్లు. వీధి గది, నడవ, వంటిల్లు, పెరటి వైపు ఒక పడమటి గది. మా అమ్మ నా ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది మా నాయనమ్మ. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ కాల్చే మనిషి. చుట్ట నోట్లో ఉండగానే రాగిపిండితో చోడి అంబలి కాచేది, ఉండగానే తిట్టేది, ఉండగానే పేడా ఎర్రమట్టీ కలిపి గోడలు అలికేది. వానలకి ముందు గోడలన్నిటికీ గడ్డి కలిపి తొక్కిన మట్టి మెత్తేది. ఆ గోడలు వానకి తడిసేవి, ఎండకి ఆరేవి. లోపల ఎప్పుడూ కొత్తమట్టి వాసనే ఉండేది. నాయనమ్మ నడుం మాత్రం ఏటేటా వంగిపోయేది. "ఈ గోడలకి సేవ సేసి సేసి నా వొళ్ళు మట్టైపోనాది" అని రోజూ గొణిగేది. ఆ గొణుగుడు వినీ వినీ, మా అయ్య ఒకనాడు సిమెంటు తెచ్చాడు.

సిమెంటంటే అప్పట్లో పర్మిట్టు మీద దొరికే వస్తువు. అన్నయ్యకి గరివిడి ఫ్యాక్టరీలో కొలువు దొరికింది. కొలువుతో పాటే పెళ్ళి కుదిరింది. అయ్య ఎవర్ని పట్టుకున్నాడో తెలియదు, బస్తాలు బండి మీద వచ్చాయి. కొత్త కోడలి కోసమని పడమటి గది మట్టిగోడలకి లోపలా బయటా నున్నగా సిమెంటు పూయించాడు. పెరటి వైపున్న కిటికీని, కొత్త పెళ్ళికూతురు పడుకునే గదికి అటేపు కన్నం ఏటని పూడ్పించేశాడు. ఊళ్ళో సిమెంటు గది అదే మొదటిది. చూడ్డానికి జనం వచ్చేవారు. అయ్య వాళ్ళని గదిలోకి తీసుకెళ్ళి, పిడికిలితో గోడ మీద కొట్టి, "ఇనండి, ఏటి సబ్దమో. రాయి" అనేవాడు. వాళ్ళూ కొట్టి చూసేవారు. నాయనమ్మయితే ఆ గోడకి చెయ్యి ఆనించి, ఇంక నీ జోలికి రానక్కర్లేదని ముచ్చటపడిపోయింది. అప్పటికి ఎవరి తప్పూ లేదు. తెలియక చేసిన పనికి నేను ఎవర్నీ ఏమీ అనను.

వదిన కొత్తవలస అవతల ఊరి పిల్ల. సన్నగా, పొడుగ్గా, గాలిలా నడిచేది. బావి దగ్గర అందరికన్నా ముందు, కోతల్లో అందరికన్నా ముందు. వచ్చిన వారానికే నా జుట్టు ఆమె చేతికి వెళ్ళిపోయింది. నాయనమ్మ దువ్వితే కళ్ళనీళ్ళు వచ్చేవి, వదిన దువ్వితే నిద్ర వచ్చేది. "ఒసే గుంటా, తిన్నగా కూసో, జడ వంకరొచ్చిందంటే నన్నంటారు" అనేది. చేపల పులుసులో ముల్లు తీసి నా కంచంలో వేసేది. అన్నయ్య షిఫ్టులు చేసుకుంటూ ఎప్పుడో ఒకప్పుడు సైకిలు మీద వచ్చేవాడు, మిగిలిన రోజులన్నీ ఆమె నాదే. అమ్మ అంటే ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఆ రోజుల్లోనే.

తొలి వానాకాలంలో గదికి ఆ వాసన పట్టింది. పడమటి గోడకి ఆనుకునే బయట కుడితి గోలెం ఉండేది, దాని పక్కనే ఆడవాళ్ళు నీళ్ళు పోసుకునే దడి. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు గోడ కిందకే ఇంకేవి. మట్టి పూత ఉన్నప్పుడు గోడ తాగిన నీళ్ళని ఎండకి వదిలేసేది. ఇప్పుడు రెండువైపులా సిమెంటు అడ్డం. పైకి రాయిలా ఉన్న గోడ లోపల నానుతూ ఉంది. మొదట మూలల్లో మిరియపు గింజలంత నల్ల చుక్కలు వచ్చాయి. వదిన గుడ్డతో తుడిచేది, మళ్ళీ వచ్చేవి. తర్వాత చుక్కలు కలిసిపోయి, ఆకుపచ్చా నలుపూ కలిసిన బూజు తట్టు పోసినట్టు పెరిగింది. ఆమె పెట్టెలో పెళ్ళిచీర మీద కూడా మచ్చలు పడ్డాయి. అయ్య నీలిమందు కలిపిన సున్నం పైన కొట్టించాడు. తెల్లగా మెరిసింది. కొన్నాళ్ళకి ఆ తెలుపులోంచే మళ్ళీ నలుపు లేచింది. ఆ లోపే వదినకి దగ్గు మొదలైంది. పొడి దగ్గు, కళ్ళ మంట, తెల్లవారేసరికి గుండె మీద బరువు. పెరట్లోకి వచ్చి రాటకి ఆనుకుని నిలబడి, చేపలా నోరు తెరిచి గాలి పీల్చుకునేది.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం తెలియక చేసింది కాదు. ఆ గదిలోనే అటక కింద మా విత్తనాల కుండలు ఉండేవి. చోళ్ళు, గంటెలనే సజ్జలు, నువ్వులు, వేరుశనగ. వేపాకూ బూడిదా కలిపి, మూతికి పేడతో బిగించిన కుండలు. మా అయ్యకి వాటిమీద ఉన్న భక్తి ఏ దేవుడి మీదా లేదు. మధ్యమధ్యలో ఒక కుండ విప్పి, గుప్పెడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. ఆ వానాకాలం చివర్లో ఒక పొద్దున వేరుశనగ కుండ విప్పాడు. వాసన చూశాడు. మాట్లాడకుండా ఇంకో కుండ విప్పాడు. "ఈ గదిలో సెమ్మున్నాది. ఇక్కడుంచితే ఇత్తనం బూజట్టి పోతాది. అన్నీ ఈది గదిలో ఎట్టించెయ్యాల" అన్నాడు. కుండలన్నీ ఆ పూటే వీధి గదిలోకి మారాయి. మోసింది ఎవరనుకున్నారు? వదినే. దగ్గుకుంటూ, ఒక్కొక్క కుండా నెత్తిన పెట్టుకుని నడవ దాటించింది. నేను మూతికి కట్టే గుడ్డలు పట్టుకుని వెనకాలే తిరిగాను. కుండలన్నీ మార్చాక ఆమె ఆ గదిలోకే తిరిగి వెళ్ళి పడుకుంది.

ఆమె దగ్గు ఊరందరికీ వినబడింది. క్షయేమో అన్నారు. సూది మందు ఆచారిగారు వచ్చి చూసి తల ఊపి వెళ్ళారు. నాయనమ్మ ఆమె కంచం, గ్లాసు వేరు చేసింది. నన్ను ఆమె దగ్గరకి వెళ్ళనివ్వలేదు, జడ మళ్ళీ నాయనమ్మే వేసింది. వదినని పుట్టింటికి పంపించారు. అక్కడ నెల తిరక్కుండానే దగ్గు పోయింది. ఒళ్ళు చేసింది. సంతోషంగా తిరిగొచ్చింది. వచ్చి ఆ గదిలో పడుకోగానే మళ్ళీ మొదలు. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తగ్గింది. కళ్ళున్న ఎవరికైనా ఇందులో ఏముందో కనిపించాలి. మావాళ్ళకి కనిపించింది వేరు. "పుట్టింటికాడ దగ్గు రాదు, అత్తింటికాడ ఒస్తాదా? నాటకాలాడతన్నాది" అంది నాయనమ్మ. అయ్య ఇంకా ముందుకెళ్ళి, పిల్లకి పుట్టుకతోనే రోగముందని, దాచిపెట్టి పెళ్ళి చేశారని అందరితో అనడం మొదలుపెట్టాడు.

చివరికి పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చున్నారు. అది నడి ఎండాకాలం. గోడ పైపైన ఎండింది, కొత్తగా సున్నం కొట్టించి ఉంది. వదిన వాళ్ళ నాన్న రైలు దిగి, ఎండలో నడిచి వచ్చాడు. "మా పిల్ల మా ఇంటికాడ ఉన్నన్నాళ్ళూ ఒక్కపాలి కూడా దగ్గనేదు, బావా. ఇక్కడేటో ఉన్నాది. కాస్త సూడండి" అన్నాడు మెత్తగా. అయ్య అందర్నీ గదిలోకి తీసుకెళ్ళాడు. పిడికిలితో గోడ మీద కొట్టాడు. "ఊళ్ళో ఎవుడికీ నేని గది కట్టించి ఇచ్చాను. నా ఇంట్లో ఏటి లోపమున్నాదో సెప్పండి" అన్నాడు. వాళ్ళు గోడ చూశారు, తెల్లగా ఉంది. తల ఊపారు. అన్నయ్య స్తంభానికి ఆనుకుని గోళ్ళు గిల్లుకుంటున్నాడు.

అప్పుడు వదిన నడవలోకి వచ్చింది. ఆడది పెద్దల మధ్య మాట్లాడే రోజులు కావు. అయినా తల మీద కొంగు సర్దుకుని, అయ్యతోనే సూటిగా మాట్లాడింది. "మావా, నాను ఈది గదిలో పడుకుంటాను. ఈ వానాకాలం ఒక్కటీ సూడండి. అప్పుడూ దగ్గినానంటే మీరు పంపక్కర్నేదు, నానే ఎల్లిపోతాను" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంత చిన్న మాట, ఎవరు కాదంటారు అనుకున్నాను. అయ్య చుట్ట బూడిద దులిపి, "ఈది గదిలో ఇత్తనాలున్నాయి" అన్నాడు.

అంతే. పెద్దమనుషులు అవునవునన్నారు. అందరూ రైతులే, విత్తనాలున్న గదిలో మనిషి పడుకోకూడదన్నది వాళ్ళకి న్యాయంగానే తోచింది. ఆ విత్తనాలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎందుకు వచ్చాయో ఒక్కరూ అడగలేదు. అయ్యకి తెలుసు. నాయనమ్మకి తెలుసు. అన్నయ్యకి తెలుసు. మోసిన వదినకీ తెలుసు, కానీ ఆమె అయ్య ముఖంలోకి ఒకసారి చూసి తల దించుకుంది. ఆయన తనకి మేలు చేసే మనిషేనని ఆ క్షణం దాకా ఆమె నమ్మింది. నేనూ నమ్మాను. కాగితం రాసుకున్నారు, ఎవరి దారి వాళ్ళదన్నారు. ఆమె పెట్టె పట్టుకుని వాళ్ళ నాన్న వెనకాల వెళ్ళిపోతుంటే నన్ను నాయనమ్మ గట్టిగా పట్టుకుంది. ఆ పట్టుకి నా చెయ్యి కమిలింది.

వదిన తిరిగొస్తుందని నేను చాలాకాలం వీధి చూశాను. ఆమె రాలేదు కానీ అన్నయ్యకి రెండో సంబంధం వచ్చింది. పెళ్ళి కుదిరిన మర్నాడే అయ్య గునపం పట్టుకుని పడమటి గదిలోకి దిగాడు. సిమెంటు పూత అట్టలు అట్టలుగా ఊడి పడింది. వెనకాల మట్టి బురదలా ఉంది, నల్లగా, జిగటగా. ఇల్లంతా కంపు కొట్టింది. ఆయన ముక్కుకి తువ్వాలు కట్టుకుని గోడ మొత్తం గీకించాడు. పూడ్చిన కిటికీ మళ్ళీ తెరిపించాడు. కుడితి గోలెం పశువుల శాల వైపుకి, స్నానాల దడి పెరటి చివరకి మార్పించాడు. గోడ వారన కాలువ తవ్వించి నీళ్ళు బయటకి పోయేలా చేశాడు. ఎండలో ఆరనిచ్చి, నాయనమ్మ చేత మళ్ళీ మట్టి మెత్తించాడు. ఏం చేయాలో ఒక్కటీ వదలకుండా, ఎవర్నీ అడక్కుండా చేశాడు. పూత ఊడగొడుతున్న రోజు నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. "అయ్యా, ఇది ముందే సేసుంటే వదిన ఉండును కదా" అన్నాను. ఆయన గునపం ఆపలేదు. "గోడన్నాక మరమ్మతు సెయ్యరేటి. నువ్వు సిన్నపిల్లవి, నీకేటి తెల్సు" అన్నాడు. నా వైపు చూడకుండానే, "ఈ మాట బయటెక్కడా అనకు" అన్నాడు.

నాకు కావలసిన జవాబు ఆ రెండో మాటలో దొరికింది. ఒక మనిషి పొరపాటు పడితే నేర్చుకుంటాడు, ఫరవాలేదు. ఆయన నేర్చుకున్నాడు కూడా. కానీ నేర్చుకున్నది ఒప్పుకుంటే ఊళ్ళో పిడికిలితో కొట్టి చూపించిన గోడ పరువు పోతుంది. దాని బదులు ఒక ఆడపిల్ల ఊపిరికే రోగమని పేరు పెట్టి పంపించేశాడు. కొత్తగా వచ్చిన వదిన మంచిదే, ఆమె ఒక్కనాడూ దగ్గలేదు. "సూసేరా, మనిసిలోనే ఉంటాది రోగం" అని నాయనమ్మ పదిమందిలో అంటుంటే అయ్య అన్నం కలుపుకుంటూ ఊరుకున్నాడు. నన్ను చదివించింది ఆ అయ్యే. ఆడపిల్లకి చదువెందుకని ఊరంతా అంటే, నా సంచి తను పట్టుకుని బడి దాకా వచ్చింది ఆ అయ్యే. చెడ్డవాడై ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. సన్యాసమ్మ వదినకి కోటబొమ్మాళి వైపు మళ్ళీ మనువు చేశారని మాత్రం విన్నాను. ఆ ఇంటితో మాటలు తెగిపోయాయి. అక్కడ హాయిగా ఊపిరాడుతుంటే, లోపం తనలో లేదని ఆమెకే తెలిసిపోయి ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను.

ఇదంతా విని కుమారి కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నేను నా టీచరు బుద్ధి పోనివ్వకుండా చెప్పుకుపోయాను. రంగు వేయించడం కాదు, ముందు ఆ ట్యాంకు కారడం ఆపించమను. ఇంటాయన వినకపోతే ఇల్లు మారిపో, పిల్లాడికంటే అద్దె ఎక్కువ కాదు. మంచం గోడకి దూరంగా జరుపు, అసలు వాడిని ఆ గదిలోనే పడుకోబెట్టకు. బట్టలు బయట ఆరెయ్యి, ఎండ కాసినప్పుడు కిటికీలు తెరువు. బూజు తుడిచేటప్పుడు వాడు పక్కన ఉండకూడదు, నువ్వూ ముక్కుకి కట్టుకో. డాక్టరుగారికి రక్తం సంగతి కాదు, గోడ సంగతి చెప్పు. మందులు మాత్రం మానకు. అప్పటి మట్టిగోడ తప్పు చేస్తే పేడా మట్టీ దిద్దేవి, ఇప్పటి గోడ తప్పుని రంగు డబ్బా దాచేస్తోంది. దాచే అలవాటు మాత్రం మా ఇంట్లో అప్పటికే ఉంది. ఆమె అన్నిటికీ తల ఊపింది. విన్నదో లేదో తెలియదు.

"అయితే మా అమ్మకి ఏటీ నేదన్నమాట" అంది.

"లేదమ్మా. మీ ఇంట్లో ఎప్పుడైనా దగ్గిందా?"

"నేదండీ. నాకు గ్నాపకం ఉండగా ఒక్కపాలీ నేదు. మందుల వల్ల లోపల అణిగి ఉన్నాదనేది. మమ్మల్నెప్పుడూ పక్కలో ఏసుకోనేదు. పాలు కూడా మొకం అటు తిప్పుకుని ఇచ్చేదని మా నానమ్మ సెప్పేది. జొరమొచ్చి ఏడిస్తే కొంగు ముక్కుకి అడ్డమెట్టుకుని వచ్చి, మందేసి, గుమ్మం అవతలికెల్లి పడుకునేది. నా ఊపిరి మీకొద్దు అనేది." ఆమె గొడుగు పిడిని తిప్పుతూ ఆగింది. "పోయేముందు మా బుజ్జిగాడు సెయ్యి పట్టుకోడానికెల్తే, ఈడ్ని తీసుకెల్లిపో అన్నాది, పైకి సూడకుండానే. అమ్మమ్మకి నానంటే ఇష్టం నేదని ఆడు ఇప్పటికీ అంటాడు."

అది ఇష్టం లేక కాదని ఇంటికెళ్ళగానే వాడికి చెప్పమన్నాను. ఇంతకన్నా నా చేతిలో ఏముంది? ఆమె వెళ్ళాక తలుపు వేయకుండా గుమ్మంలోనే కూర్చున్నాను. మా అయ్య పోయినప్పుడు నేను ఒళ్ళు తెలియకుండా ఏడ్చాను, ఆయన ఎంత మంచివాడో పదిమందికీ చెప్పి చెప్పి ఏడ్చాను. ఆ ఏడుపంతా వెనక్కి తీసేసుకోవాలని ఉంది.